నీళ్లు తాగని ఎడారి ఎలుక: కిడ్నీ ఒక్కటే కారణమా?

జువాలజీ విద్యార్థి:
ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారుల్లో ఉండే స్పినిఫెక్స్ హాపింగ్ మౌస్ ఎండు గింజలు తింటూ అసలు నీళ్లు తాగకుండానే బతకగలదట. ఎక్కడ చూసినా "హెన్లే లూప్ (కిడ్నీలోని సన్నని నాళంలో U ఆకారపు మలుపు) పొడవు కాబట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. లూప్ పొడవైతే నీళ్లెందుకు మిగులుతాయి? పైగా కిడ్నీ ఉన్న నీళ్లను కాపాడుతుందే గానీ కొత్తగా పుట్టించదు కదా, మరి ఆ నీళ్లు ఎక్కడివి?

మానస:
లూప్‌లో పైకెక్కే భాగం ఉప్పును బయటికి తోడేస్తుంది, నీటిని మాత్రం వదలదు. దాంతో కిడ్నీ లోపలి భాగం ఉప్పదనం లోతుకు వెళ్లేకొద్దీ పెరుగుతూ పోతుంది, ప్రోటీన్ నుంచి వచ్చే వ్యర్థం యూరియా కూడా దానికి తోడవుతుంది. మూత్రం చివరికి ఆ లోతు గుండానే దిగాలి, అప్పుడు నీళ్లు కాపాడమని కిడ్నీకి చెప్పే ఏడీహెచ్ హార్మోన్ ఉంటే నాళం గోడల్లోంచి నీళ్లు బయటికి లాగబడి తిరిగి రక్తంలో కలుస్తాయి. మనిషి మూత్రం చిక్కదనం లీటరుకు 1,200-1,400 మిల్లీఆస్మోల్స్ (నీటిలో కరిగిన పదార్థాలు ఎంతున్నాయో చెప్పే కొలత) దగ్గర ఆగిపోతుంది, ఈ ఎలుకలో 9,000 పైనే కొలిచారు!

కానీ పొడవు ఒక్కటే లెక్కైతే గుర్రమే ముందుండాలి, దాని లూప్ ఇంతకంటే చాలా పొడవు. చిన్న జంతువు కణాలు ఎంత జోరుగా ఉప్పును తోడుతున్నాయన్నది కూడా చూడాలి.

రఘు:
కొత్త నీళ్లు తిండి నుంచే. ఒక గ్రాము పిండిపదార్థం ఒంట్లో ఖర్చైతే సుమారు 0.6 గ్రాముల నీరు పుడుతుంది. కొవ్వు నుంచి గ్రాము పైనే వస్తుంది కానీ దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, ఊపిరితో పోయే తేమా పెరుగుతుంది. ప్రోటీన్ ఎక్కువైతే యూరియాను పంపడానికే నీళ్లు ఖర్చు. అందుకే పిండి ఎక్కువున్న గింజలే దీనికి మేలు. నాకైతే కిడ్నీకి ఇచ్చే పేరులో సగం ముక్కుకీ బొరియకీ ఇవ్వాలనిపిస్తుంది. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు చల్లటి ముక్కులో తేమ చాలావరకు ఆగిపోతుంది, పగలంతా చల్లటి బొరియలో ఉంటుంది కాబట్టి ఒంటి నుంచి ఆవిరయ్యేదీ తక్కువే.

జువాలజీ విద్యార్థి:
గుర్రం సంగతి ఏ పుస్తకంలోనూ చూడలేదు, థాంక్స్. మరి పిల్లలకు పాలిచ్చే తల్లి పరిస్థితి? పాలంటే ఎక్కువ భాగం నీళ్లే కదా.

మానస:
అక్కడే అసలు కష్టం. పిల్లల కిడ్నీలు ఇంకా ఎదగవు, మూత్రం పల్చగా వస్తుంది. తల్లి దాన్ని నాకేసి, పాలలో పోయిన నీళ్లలో కొంత వెనక్కి రాబట్టుకుంటుంది.