క్రెస్కోగ్రాఫ్‌లో కదులుతున్నది మొలకా, స్టాండా?

పెసరమొలక:
ఇంటర్ పిల్లల ప్రదర్శన కోసం మొక్క పెరుగుదలని పెంచి రాసే యంత్రం, జగదీశ్ చంద్రబోస్ క్రెస్కోగ్రాఫ్‌ని ఎలక్ట్రానిక్స్‌తో కడుతున్నాం. పెసర మొలక కొసకి నూలు దారం, అది అక్రిలిక్ స్టాండు మీది మీట పొట్టి చేతికి. పొడుగు చేతి చివర అయస్కాంతం, ఎదురుగా అయస్కాంత బలాన్ని కొలిచే 49ఈ హాల్ సెన్సర్, దాని వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 చిప్, వాటిని చదివే ఆర్డుయినో బోర్డు. గది విశాఖ ఎంవీపీ కాలనీలో, కిటికీ సముద్రం వైపు. గ్రాఫ్ రంపపు పళ్లలా లేచి పడుతోంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక మొలక పొట్టిదవుతున్నట్టు చూపిస్తోంది. ఏం మార్చాలి?

సీసంపొగ:
రంపపు పళ్లు ఏసీ వల్ల గది వేడి మారి వచ్చినవై ఉంటాయి. కంప్రెసర్ ఆగే, తిరిగే వేళలు రాసుకుని గ్రాఫ్ పక్కన పెట్టి చూడండి. అక్రిలిక్ మీటరు పొడవుకి డిగ్రీకి సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుంది, అంటే 20 సెం.మీ. స్టాండుకి 14. గంటకి 1 మి.మీ. పెరిగే మొలక నిమిషానికి పెరిగేది 17 మైక్రాన్లే! స్టాండు సాగితే మొలక కుంగినట్టే కనిపిస్తుంది.

మధ్యాహ్నం తేడా దారానిది. తేమ పట్టిన నూలు ఉబ్బి, పురి బిగిసి పొట్టిదవుతుంది. నిజానికి గాలి తేమెక్కితే మొలక నీరు పోవడం తగ్గి కాస్త ఉబ్బాలి, మీ గ్రాఫ్ తిరగబడింది. దారం బదులు సన్నని ఎనామిల్ రాగి తీగ, స్టాండుకి కార్బన్ ఫైబర్ కడ్డీ వాడండి. మీట బరువు మొలకని అర గ్రాము మించి లాగకూడదు.

హాల్ సెన్సర్ చూపే అంకె వేడికి తనంతట తనే మారుతుంది. కదలికని కొలిచే ఏఎస్5311 చిప్, దాని అయస్కాంత పట్టీ మేలు: 2 మి.మీ.ని 4096 భాగాలు చేస్తుంది, అడుగు 0.49 మైక్రాన్. మీట 1:5 అయితే మొలక కొస దగ్గర 0.1. పట్టీకీ చిప్‌కీ మధ్య 0.3 మి.మీ. సందు ఉంచండి, ఎక్కువైతే అంకెలు గెంతుతాయి. ఎం3 మర (3 మి.మీ. స్క్రూ) చుట్టులో పదో వంతు తిప్పితే 50 మైక్రాన్లు, దానితో సరిచూసుకోండి. ఉప్పుగాలికి టంకాల మీద వార్నిష్ తప్పదు.

సంపెంగ:
ఇవన్నీ చేసినా అనుమానం తీరదు. కోటి రెట్ల దాకా పెంచే యంత్రం రాసేది నిజంగా పెరుగుదలేనా అన్న పేచీ బోస్‌కీ తప్పలేదు. 1920లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రదర్శన చూసిన శాస్త్రవేత్తలు, సరిగ్గానే రాస్తోందని టైమ్స్ పత్రికకి లేఖ రాయాల్సి వచ్చింది.

అదే స్టాండు మీద అచ్చం అలాంటి రెండో మీట పెట్టి, మొలక బదులు అంతే ఎత్తు గాజు కడ్డీ కట్టండి. మొదటి దాన్లోంచి రెండోది తీసేసిందే గ్రాఫ్. ముందు రెండిటికీ గాజే కట్టి ఒక రాత్రి నడపండి, గీత చదునుగా రావాలి. తర్వాత చీకట్లో పెరిగిన మొలక మీద నీలం ఎల్ఈడీ వేస్తే కొద్ది నిమిషాల్లోనే పెరుగుదల మందగిస్తుంది. ఎల్ఈడీ వేడికి స్టాండు సాగినా గ్రాఫ్ అటే వంగుతుంది, అందుకే ఆ వెలుగు గాజు కడ్డీ మీదా సమానంగా పడాలి.

పెసరమొలక:
రెండు మీటలూ ఒకే ఇరుసు మీద పెట్టొచ్చా?

సంపెంగ:
వద్దు. ఒకటి కదిలితే రాపిడికి రెండోది ఈడ్చుకుపోతుంది. ఇరుసులు వేరు, స్టాండు కడ్డీ ఒకటే.