తలకిందులుగా వేలాడే మనిషి కార్డు అశుభమేనా?

టారో, అంటే బొమ్మల కార్డులతో జోస్యం చెప్పే పద్ధతి తెలిసిన పెద్దలకు నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా చెల్లెలి ఉద్యోగం గురించి కార్డులు తీయించినప్పుడు పన్నెండో కార్డు, అంటే వేలాడే మనిషి రావడంతో, అది ఉరికి సంకేతమని భయపడిన మా పిన్ని, బరంపురంలో ఖాయమైన ఉద్యోగానికి తనను పంపడానికి ఒప్పుకోవడం లేదు.

1909లో చిత్రకారిణి పమేలా కోల్‌మన్ స్మిత్ ఈ కార్డుకు గీసిన బొమ్మను దగ్గరగా చూస్తే నాకు అందులో భయంకరమైనదేదీ కనిపించలేదు. తాడు మెడకు కాదు, కుడి చీలమండకు ఉంది. ఎడమ కాలు దాని వెనుకగా మడిచి ఉంది. కట్టిన కొయ్యకు పచ్చని ఆకులున్నాయి. ముఖం ప్రశాంతంగా ఉండి, తల చుట్టూ కాంతివలయం ఉంది. శిక్ష పడినవాడికంటే తపస్సులో ఉన్నవాడే గుర్తుకొస్తాడు. అయితే పూర్వం ఇటలీలో ద్రోహుల బొమ్మలను ఇలాగే తలకిందులుగా గోడలపై చిత్రించి అవమానించేవారు కనుక, పిన్ని అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను.

ఇష్టపూర్వకంగా ఆగడం, చూసే తీరు మార్చుకోవడం అని ఈ కార్డుకు చెప్పే అర్థం, ఉద్యోగం విషయంలో ఇప్పుడు చేరవద్దని సూచిస్తుందా, లేక ఏదైనా వదులుకోవడానికి సిద్ధపడమంటుందా? కార్డు తిరగబడి వస్తే ఆ మనిషి నిటారుగా కనిపిస్తాడు కదా, అప్పుడు దాన్ని ఎలా చదువుతారు? పిన్నికి నచ్చజెప్పగలిగేలా దయచేసి వివరించగలరు.