సైన్స్ ఫిక్షన్ ఆర్‌పీజీ: ట్రావెలరా, స్టార్స్ వితౌట్ నంబరా?

నల్గొండ కుర్రాడు:
నమస్తే అన్నలూ. మాది నల్గొండ, డిగ్రీ చదువుతున్నాం. పాత్రల్లోకి దిగి కథ నడుపుతూ ఆడే ఆర్‌పీజీల్లో డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఆడిన అనుభవం ఉంది. దసరా సెలవుల్లో అంతరిక్షం ఆట పెట్టుకుందామనుకుంటున్నాం. మాట్లాడుకునేది తెలుగులోనే కాబట్టి మాటిమాటికీ పుస్తకం తిప్పే పని ఉండొద్దు. ఇక్కడ దుకాణాల్లో లూడో పాచికలే దొరుకుతాయి. ఏ సిస్టమ్ తీసుకోమంటారు?

పాలమూరు టేబుల్:
ట్రావెలర్ తీసుకో తమ్ముడూ. 1977లో మార్క్ మిల్లర్ తెచ్చిన ఆట, ఇప్పటి ఎడిషన్ మంగూస్ అనే ప్రచురణ సంస్థది. రెండు లూడో పాచికలు వేసి మన పాత్రకున్న స్కిల్ (నైపుణ్యం) పాయింట్లు కలపాలి. 8 గానీ, ఆపైన గానీ వస్తే పని అయినట్టే. ఏమీ కలవకపోతే 36లో 15 సార్లు అవుతుంది, ఒక్క పాయింట్ కలిస్తే 21 సార్లు. అందుకే ఆ ఒక్క పాయింట్ కోసం మావాళ్లు పట్టుబడతారు.

అసలు అందం క్యారెక్టర్ తయారీలో ఉంది. 18 ఏళ్లకు మొదలుపెట్టి నాలుగేళ్లకో టర్మ్ చొప్పున ఉద్యోగం చేయించాలి. పాత రూల్స్‌లో పాచిక ఎదురుతిరిగితే ఆట మొదలుకాకముందే మనిషి చచ్చిపోయేవాడు. మంగూస్‌లో మామూలుగా ఉద్యోగం పోతుంది, అంతే. టేబుల్ ముందుకొచ్చేసరికి ప్రతి ఒక్కరికీ ఒక గతం ఉంటుంది.

మా ఆటలో పని ఇప్పించేది ఒక గుంపు మేస్త్రీ. అడ్వాన్సు చేతిలో పెట్టి, కూలీలను గనుల గ్రహంలో దించి రమ్మన్నాడు. మా జిల్లా నుంచి బొంబాయి, పుణె పోయినవాళ్ల ఇళ్లలోని పిల్లలే ఆడుతున్నారు, వాళ్లకు ఇంకేం వివరించాలి? ఆ కూలీలను అక్కడ వదిలేయాలా వద్దా అని తెల్లారేదాకా వాదించుకున్నారు. ఒక్క తుపాకీ పేలలేదు. నేను నడిపిన వాటిలో నాకు బాగా నచ్చిన ఆట అదే.

సూర్యాపేట:
స్టార్స్ వితౌట్ నంబర్‌ను వదిలేయకండి. కెవిన్ క్రాఫర్డ్ రాసింది, ఉచిత పీడీఎఫ్ ఉంది. స్కిల్‌కు రెండు మామూలు పాచికలే, కొట్లాటకు మాత్రం ఇరవై ముఖాలది. డీ అండ్ డీ వచ్చినవాళ్లు తొందరగా పట్టేస్తారు. ఒక్క రాత్రిలో ముగిసే భయం కథ కావాలంటే మదర్‌షిప్ అనే ఆట ఉంది.

నల్గొండ కుర్రాడు:
ట్రావెలరే ఖాయం. గ్రహాలు మాత్రం ఆ పీడీఎఫ్‌లోని పట్టికలు చూసి తయారు చేసుకుంటా. మా అమ్మమ్మది మర్రిగూడ వైపు. ఎక్కడ బోరు వేసినా ఫ్లోరైడ్ నీళ్లే పడే గ్రహం, మంచినీళ్లు మోసే ఓడ. కిరాయి ఎంత పెట్టాలన్నా?

పాలమూరు టేబుల్:
నక్షత్రం నుంచి నక్షత్రానికి ఓడ వేసే గెంతును జంప్ అంటారు. ఒక్క పార్సెక్ (దూరానికి కొలత) జంప్‌కు టన్నుకు 1,000 క్రెడిట్లు (ఆటలోని డబ్బు). పాత పుస్తకంలోని ఫ్రీ ట్రేడర్ అనే సరుకుల ఓడలో 82 టన్నుల సరుకు పడుతుంది. జంప్‌కే వారం పోతుంది కాబట్టి నెలకు రెండు ట్రిప్పులు, 1,64,000. ఓడ అప్పుకే నెలకు 1,54,500 కట్టాలి, అదీ 40 ఏళ్లు. ఇంధనం, జీతాలు వేరే. మీ ఓడ కెప్టెన్ ఆ గ్రహానికి నీళ్లు మామూలు కిరాయికే మోస్తాడా, ఎక్కువ అడుగుతాడా? మొదటి రోజే ఆ ప్రశ్న టేబుల్ మీద పెట్టు.