రొమేనియన్ మెడికల్ పదాల్లో ఎక్కడ నొక్కి పలకాలి?

గుంటూరు_కుర్రోడు:
రొమేనియాలోని క్లూజ్‌లో మెడిసిన్ థర్డ్ ఇయర్ నేను. క్లాసులు ఇంగ్లీషే గానీ వార్డులో పేషెంట్లతో రొమేనియనే మాట్లాడాలి. నిన్న ఒక మామ్మగారికి బ్లడ్ తీసేముందు సూదులు కొత్తవేనని ధైర్యం చెబుదామని "అచేలె సుంత్ నోయ్" అన్నా, ఆవిడేమో "కారె?" అంటే ఏవి నాయనా అని చుట్టూ వెతికింది. అచేలె అంటే 'అవి' అంట, సూదులకైతే ఆచెలె అనాలంట, స్పెల్లింగేమో రెండిటికీ ఒక్కటే! దేన్ని నొక్కాలో, ఎక్కడ విరవాలో రూలేమన్నా ఉందా, బట్టీయేనా?

యాష్_అక్క:
తమ్ముడూ, పక్కా రూల్ లేదు గానీ పదం తోక చూడు, చాలావరకు దొరికిపోతుంది. గాస్త్రీత, హెపతీత, అపెందిచీత అన్నిట్లో 'ఈ' మీదే. కార్దియొలొజీయె, కిరుర్‌జీయె (సర్జరీ), అలెర్‌జీయె, అనెమీయె కూడా అంతే, కానీ గుండె డాక్టరు మాత్రం కార్దియొలోగ్, 'లో' నొక్కాలి. 'త్సియె' తో అయ్యేవి తిరగబడతాయి, ఒపెరాత్సియెలో 'రా' మీద, ఇన్‌ఫెక్త్సియెలో 'ఫె' మీద. బక్తేరియె, మలారియె మాత్రం ఏ గుంపులోనూ పడవు. నేను మలరీయె, మలరీయె అంటూ ఒక సెమిస్టరంతా తిరిగా, ఒక్కళ్ళూ దిద్దలేదు 😑

పాత_సీనియర్:
విరవడంలో అసలు తంటా అచ్చులు పక్కపక్కన పడ్డప్పుడు. షుగర్ జబ్బు ది-అ-బేత్, మూడు ముక్కలు. కిడ్నీలో రాయికి వాడే ప్యాత్ర రెండే, రాస్తే రెండిట్లోనూ అవే 'ఇఅ' అక్షరాలు. చివరి 'ఇ' చాలాసార్లు గుసగుసే, 'డాక్టర్లు' అనడానికి మేదిచ్ అని ఆపెయ్యాలి, మేదిచి అంటే ఒక ముక్క ఎక్కువైపోద్ది. డౌటొస్తే డెక్స్‌ఆన్‌లైన్ అనే డిక్షనరీ సైట్‌లో కొట్టు. అందులో రొమేనియన్ అకాడమీ వాళ్ళ స్పెల్లింగ్-ఉచ్చారణ నిఘంటువు 'దోమ్' (DOOM) ఎంట్రీ చూస్తే విరుపు, నొక్కు రెండూ దొరుకుతాయి. దాని మూడో ఎడిషన్ 2021లో వచ్చింది.

తెలుగు_మేష్టారు:
అందరూ దీర్ఘాలు పెట్టి రాస్తున్నారు, గుర్తుకి బానే ఉంది గానీ నోటితో సాగదీయకండి. మనకి పడు, పాడు వేరే మాటలు, వాళ్ళకి ఆ పొడవు-పొట్టి గొడవే లేదు, గట్టిగా కొట్టడమే. ఇంకోటి, మనవాళ్ళు స్పితాల్‌ని స్పితాలు అనేస్తారు కదా, అది తప్పవ్వదు, వాళ్ళ మామూలు మాటల్లో స్పితాలు అంటే 'ఆ హాస్పిటల్' అనే 😄

గుంటూరు_కుర్రోడు:
థాంక్సండీ అందరికీ. ఇవాళ మళ్ళీ మామ్మగారి దగ్గరికెళ్ళి ఆచెలె అని కరెక్టుగా కొట్టా. ఈసారి అర్థమైంది, చెయ్యి వెనక్కి లాగేసుకుంది.