అప్‌డేట్: పారిపోయిన పిల్లల క్రైమ్ నవల, రైల్వే స్టేషన్ అధ్యాయం అయిపోయింది

టీనేజర్ల కోసం రాస్తున్న నా నవలలో ఇల్లు వదిలి విజయవాడ స్టేషన్‌లో దిగిన అన్నాచెల్లెళ్లు దొరికాక ఏం జరుగుతుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చట్టం చదవమన్నారు, చదివాను. కథ నడకే మారిపోయింది.

2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం ప్రకారం దొరికిన పిల్లల్ని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. నా సస్పెన్స్ అంతా ఇప్పుడు ఆ గడువు మీదే. ఇంకోటి, పిల్లలు కనబడట్లేదని ఫిర్యాదొస్తే అపహరణో అక్రమ రవాణానో అయ్యుంటుందనే భావించి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. నా కథలో పిల్లలేమో తమంతట తామే వెళ్లారు, ఊళ్లో మాత్రం అనుమానం మేనమామ మీద!

స్టేషన్ సీన్ ఇలా వచ్చింది: చెల్లెలు స్కూల్ టై తీసి చెత్తబుట్టలో పడేస్తుంది. అది ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) మహిళా కానిస్టేబుల్ కంట పడుతుంది. ఆమె గద్దించదు, పక్కన కూర్చుని "ఏమైనా తిన్నారామ్మా?" అంటుంది. ఆ తర్వాతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్.

చివర్లో పిల్లల్ని ఇంటికి చేర్చమన్నవాళ్లు ఏమీ అనుకోకండి. ఇల్లు క్షేమం కాదనిపిస్తే కమిటీ బాలల హోంకి పంపొచ్చు. కొట్టే తండ్రి దగ్గరికి ఆ పిల్లను నేను పంపలేను.