కవలలకు డబ్బా పాలు ఎప్పుడు ఆపాలి? ఇంట్లో బర్రె ఉంది, పిల్లలు నెలలు తక్కువ పుట్టారు

కవలల అమ్మ, దేవరకొండ

అందరికీ నమస్తే. నాకు కవలలు, ఒక పాప, ఒక బాబు. 34 వారాలకే పుట్టారు, ఇరవై రోజులు పిల్లల ఐసీయూలోనే ఉన్నారు. నా పాలు ఇద్దరికీ చాలలేదు. మూడో నెల నుంచి డబ్బా పాలు కలిపాం, ఐదో నెల వచ్చేసరికి నాకు పాలు పూర్తిగా ఆగిపోయాయి. ఇప్పుడు పదకొండో నెల నడుస్తోంది. 400 గ్రాముల డబ్బా ఇద్దరికీ కలిపి రెండు రోజులకు అయిపోతుంది. మా ఆయన ఆటో నడుపుతారు, నెలకు డబ్బాలకే ఆరు వేల పైన పోతోంది.

ఇంట్లో చూస్తే మొన్ననే ఈనిన బర్రె ఉంది. అత్తమ్మ రోజూ అదే మాట: "ఇంట్లో పాలు పెట్టుకొని షాపుల చుట్టూ తిరుగుడేంది, నేను నలుగురిని నీళ్లు కలిపిన బర్రె పాలతోనే సాకిన." ఆమెను తప్పు పట్టడం లేదు. పిల్లలను నాకంటే ఎక్కువ ఎత్తుకునేది ఆమే. కానీ ఐసీయూ రోజులు గుర్తొస్తే ఏ చిన్న మార్పు చేయాలన్నా నాకు భయమే.

ఏడాది నిండగానే మార్చొచ్చా, నెలలు తక్కువ పుట్టారు కాబట్టి ఇంకా ఆగాలా? బర్రె పాలా, ఆవు పాలా, ప్యాకెట్ పాలా? నీళ్లు కలపాలా? ఇంకో సంగతి, బాబు ఏది పెట్టినా తింటాడు, పాపకు మాత్రం సీసా తప్ప ఏమీ వద్దు, చెంచా చూస్తేనే మూతి తిప్పుకుంటుంది. మెడికల్ షాపాయన ఏమో ఏడాది దాటినవాళ్లకు వేరే నంబర్ డబ్బా ఉంటుంది, అది మొదలుపెట్టండి అంటున్నాడు. నాకు ఏమీ తోచడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి, జడ్చర్ల

చెల్లె, నీ పోస్టు చదువుతుంటే మా పెద్దోడే కళ్ల ముందు కనబడ్డాడు. వాడికి ఎనిమిదో నెలలోనే బర్రె పాలు పట్టాను, సగం పాలు సగం నీళ్లు. తర్వాత నీళ్లు తగ్గిస్తూ పోయాను. బుగ్గలు వచ్చాయి, బరువు పెరిగాడు, చూసినవాళ్లంతా పిల్లగాడు మంచిగున్నాడనే అన్నారు. ఏడాదిన్నర వచ్చేసరికి రోజుకు లీటరు పాలు తాగేవాడు, అన్నం నోట్లో పెడితే ఉమ్మేసేవాడు, తినకపోతే ఏం, పాలు తాగుతున్నాడు కదా అని మేమూ ఊరుకున్నాం. మెల్లగా పిల్లగాడు పాలిపోయాడు. మేము తెల్లగా అవుతున్నాడు అనుకున్నాం, ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. గోడ సున్నం గీకి తినడం మొదలుపెట్టాడు, పది అడుగులు నడిచి కూర్చునేవాడు.

టీకాకు తీసుకుపోతే ఆశమ్మ కంటి కింది రెప్ప లాగి చూసి ఇవాళే డాక్టర్‌కు చూపించమంది. హిమోగ్లోబిన్ 6.2 ఉంది. డాక్టర్ అడిగిన మొదటి మాట, రోజుకు ఎన్ని పాలు తాగుతాడు అని. పాలలో ఐరన్ దాదాపు ఉండదట, పైగా తిన్న కొంచెం తిండిలోని ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వదట. రక్తం ఎక్కించే దాకా పోకుండా ఐరన్ చుక్కలతోనే గట్టెక్కాం కానీ ఐదు నెలలు పట్టింది.

చిన్నదానికి మాత్రం పదమూడో నెలలో మొదలుపెట్టాను, రోజుకు రెండు చిన్న గిలాసలు, అంతే. ఆ పిల్లకు ఒక్కసారి కూడా రక్తం తక్కువ కాలేదు. నీ పాప సీసా తప్ప ఏమీ ముట్టదు అన్నావు చూడు, నాకు ఆ మాట దగ్గరే భయమైంది.

ఒక నాన్న, నాగర్‌కర్నూల్

అందరూ ఏడాది ఏడాది అంటారు కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తల్లి పాలు లేని 6 నుంచి 11 నెలల పిల్లలకు డబ్బా పాలైనా, పశువుల పాలైనా ఇవ్వొచ్చు అనే ఉంది. ఏడాది దాటాక పశువుల పాలే ఇవ్వాలి, ఆ వయసుకని అమ్మే డబ్బాలు వద్దు అని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఆ షాపాయన చెప్పే కొత్త నంబర్ డబ్బా కొనకండి. రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకు ప్రచారం చేయడం మన దేశంలో చట్టప్రకారమే తప్పు, 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టిగా చేశారు.

నెలకు ఆరు వేలు అంటే మామూలు ఇంటికి చిన్న మాట కాదు. అప్పు చేసి డబ్బాలు కొని, ఆ డబ్బుకు ఇంట్లో గుడ్లు, కూరగాయలు తగ్గించుకుంటే పిల్లలకు ఏం మేలు? పదకొండు నెలలు నిండుతున్నాయి కదా, ఇప్పుడు మొదలుపెడితే కొంపలేమీ మునగవు అని నా అభిప్రాయం.

స్టాఫ్ నర్సు, మిర్యాలగూడ

అన్నా, మీరు చెప్పింది నిజమే, ఆ మార్గదర్శకం అలాగే ఉంది. అయితే ఆ వయసులో పశువుల పాలు తాగే పిల్లలకు ఐరన్ వేరే దారిలో అందాలి, తిండిలోనో మందులోనో. మన దగ్గర పిల్లల డాక్టర్లు ఎక్కువ మంది ఏడాది దాటేదాకా ఆగమనడానికి కారణం కూడా అదే. లీటరు ఆవు పాలలో ఐరన్ అర మిల్లీగ్రాము దాకానే ఉంటుంది. డబ్బా పాలలో ఐరన్ కలిపి ఉంటుంది. ఇంకా ఏడాదిలోపు కొందరు పిల్లలకు పశువుల పాలతో పేగుల్లో కంటికి కనబడనంత రక్తం పోతుంది. పైగా ఆవు పాలలో ప్రొటీన్ తల్లి పాలకంటే మూడింతలు, బర్రె పాలలో ఇంకా ఎక్కువ, ఉప్పులూ ఎక్కువే, వాటిని బయటికి పంపడానికి పసి కిడ్నీలకు నీళ్లు ఎక్కువ కావాలి. మన నల్గొండ ఎండల్లో విరేచనాలు పట్టుకుంటే ఆ పిల్లలు తొందరగా వాడిపోతారు, ప్రతి ఎండాకాలం వార్డులో చూస్తూనే ఉన్నాను.

ఇక దేవరకొండ అమ్మా, మీ పిల్లల సంగతి. తల్లి కడుపులో బిడ్డ ఐరన్ దాచుకునేది చివరి మూడు నెలల్లోనే. మీవాళ్లు ఆరు వారాలు ముందే వచ్చేశారు, పైగా ఇద్దరూ పంచుకున్నారు, అంటే మొదటి నుంచీ నిల్వ తక్కువే. అందుకే ఇలాంటి పిల్లలకు మేము పుట్టిన తారీకు చూడం, పుట్టాల్సిన తారీకు నుంచి నెలలు లెక్కేస్తాం. ఆ లెక్కన వాళ్లకు ఇప్పుడు తొమ్మిదిన్నర నెలలే. కేకు కోసిన రోజుకు కూడా పదిన్నరే అవుతుంది.

నెలలతో పాటు చూడాల్సింది ఇంకొకటి ఉంది. పాలు పక్కన పెడితే పిల్లలు రోజంతా ఏం తింటున్నారు? మీ బాబు గుడ్డు, పప్పు, కూర అన్నీ తింటే వాడికి ఐరన్ తిండిలో నుంచి వస్తోంది, రెండు వారాలు అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. మీ పాపకు ఇప్పుడు ఐరన్ వచ్చే దారి ఆ డబ్బా ఒక్కటే. అది తీసేసి బర్రె పాలు పోస్తే ఆ దారి కూడా మూసినట్టే. ఇద్దరూ ఒకేసారి పుట్టారని ఇద్దరికీ ఒకే రోజు మార్చాలని ఏమీ లేదు, మీరు వేర్వేరుగా ఆలోచించండి. ముందు ఇద్దరికీ హిమోగ్లోబిన్ చూపించండి, ఐరన్ చుక్కలు ఎంత వేయాలో పిల్లల డాక్టర్‌నే అడగండి. మామూలుగా ఆరు నెలలు దాటిన పిల్లలకు ఆశమ్మలు వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున వేసే సిరప్ ఇస్తారు, కానీ నెలలు తక్కువ పుట్టినవాళ్లకు మోతాదు మారొచ్చు.

మార్చేటప్పుడు బర్రె పాలైనా, ఆవు పాలైనా, ప్యాకెట్ పాలైనా సరే, మరిగించినవి అయితే చాలు. పచ్చి పాలు అసలు వద్దు, బ్రూసెల్లా అనే పశువుల జబ్బు, టీబీ లాంటివి వాటితో కూడా వస్తాయి. బర్రె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది, కొందరికి అరగదు, కాచి చల్లారాక పైన మీగడ తీసి ఇవ్వండి. ప్యాకెట్ అయితే వెన్న బాగా తీసేసిన డబుల్ టోన్డ్ రకం రెండేళ్లలోపు పిల్లలకు వద్దు. నీళ్లు కలపకండి, కడుపు నిండినట్టు ఉంటుంది కానీ ఒంటికి ఏమీ అందదు. రోజు మొత్తానికి పాలు, పెరుగు కలిపి 400 నుంచి 500 మి.లీ. దాటకుండా చూడండి. చాయ్ చుక్క కూడా వద్దు, పెద్దవాళ్లు ప్రేమగా బిస్కెట్ ముంచి పెడతారు, అది కూడా ఐరన్‌ను పట్టనివ్వదు.

అంగన్‌వాడీ టీచర్, మర్రిగూడ మండలం

ఎవరూ అడగలేదు, నేను అడుగుతాను. డబ్బా పాలు ఏ నీళ్లతో కలుపుతున్నావమ్మా? డబ్బా పాలు తాగే బిడ్డకు రోజుకు ముప్పావు లీటరు నీళ్లు ఆ పాల ద్వారానే కడుపులోకి పోతాయి. మా మండలంలో బోరు నీళ్లు తాగి వంకర్లు పోయిన కాళ్లు చూస్తూ పెరిగినదాన్ని నేను. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా ఎక్కువ అవుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు. ఇప్పుడు పిల్లల చిగుళ్ల లోపల పెద్ద పళ్లు తయారవుతూ ఉంటాయి, ఇవాళ తాగిన నీళ్ల గారలు ఏడో ఏట కనబడతాయి. మిషన్ భగీరథ కింద ప్రభుత్వం ఇచ్చే నల్లా నీళ్లు వస్తే అవే మరిగించి వాడు, రాని రోజు ఫిల్టర్ ప్లాంటు నీళ్లు తెచ్చుకో, బోరు నీళ్లు మాత్రం వద్దు. మీ అత్తమ్మ పాలలో కలుపుతానంటున్న నీళ్లు కూడా ఏ నీళ్లో చూడు.

ఇంకోటి, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి తెచ్చుకుంటున్నావా? ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఒక్కో పిల్లకు వస్తుంది, నీకు రెండు వస్తాయి. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి అందులో. చాలామంది తీసుకుపోయి బర్రెకు వేస్తారు, నాకు ఆ బాధ చెప్పుకుంటే తీరదు. గోరువెచ్చని నీళ్లలో కలిపి ముద్దలా చేసి పాప చేతికే ఇవ్వు. చెంచా వద్దనే పిల్లలు సొంత వేళ్లతో అయితే తింటారు.

కవలల తల్లిని నేనూ, నకిరేకల్

మావాళ్లు ఇప్పుడు మూడేళ్లవాళ్లు. నేను చేసింది చెప్తాను, నీకు పనికొస్తే చూడు.

ఇద్దరికీ ఒకే వారం మొదలుపెట్టకు. ముందు ఒకరికి పొద్దుటి పూట ఒక్క పాలు మార్చు, నాలుగైదు రోజులు చూడు. విరేచనం గట్టిపడుతుందా, రక్తపు జీర కనబడుతుందా, ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయా చూసుకోవాలి. ఇద్దరికీ కలిపి మొదలుపెడితే ఎవరికి ఏం పడలేదో తెలియక నేను రెండు రాత్రులు ఏడ్చాను. డబ్బా పాలు కూడా ఆవు పాలతోనే చేస్తారు కాబట్టి, అవి పడినవాళ్లకు ఇవీ ఎక్కువగా పడతాయి అని మా డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. పగటి పాలు మారాక సాయంత్రం, చిట్టచివరికి రాత్రి పాలు.

కొత్త పాలు సీసాలో పోయనే లేదు నేను, స్టీలు గిలాసలో కొంచెం కొంచెం పట్టాను. మొదటి వారం బట్టల మీదే ఎక్కువ పోయాయి. కానీ గిలాసతో అయితే వంద మిల్లీలీటర్లకు వాళ్లే చాలంటారు, సీసాతో అయితే నిద్రలో కూడా లాగుతూనే ఉంటారు, పళ్లు పుచ్చేది కూడా అందుకే. పాలకు ముందు తిండి పెట్టు, తిన్నాకే పాలు. మా అమ్మాయి కూడా మూతి తిప్పేది. ఆకలి వేసేదాకా ఆగి, పప్పులో తోటకూర మెత్తగా ఉడికించి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి పెడితే ఆ పులుపుకు నాలుక చప్పరించింది. ఆదివారం కోడి కార్జం ఉడికించి, వేళ్లతో నలిపి, అన్నంలో కలిపాను, ఉప్పు కారం లేకుండానే. అది ఇద్దరూ తిన్నారు.

కవలల అమ్మ, దేవరకొండ

మీ అందరికీ దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, పిల్లలను డాక్టర్‌కు చూపించి వచ్చాం. హిమోగ్లోబిన్ బాబుకు 10.9, పాపకు 9.1. డాక్టరమ్మ కనీసం 11 ఉండాలన్నది. పాపకు రోజూ ఐరన్ చుక్కలు రాసింది, నెల తర్వాత మళ్లీ చూస్తానంది. బాబుకు పుట్టాల్సిన తారీకు లెక్కన ఏడాది నిండగానే ఇంటి పాలు మొదలుపెట్టమంది, పాపకు మాత్రం తిండి తినడం వచ్చేదాకా డబ్బా ఆపొద్దన్నది. బాబు ఇప్పుడు మూడు పూటలా తింటున్నాడు కాబట్టి వాడి డబ్బా పాలు నాలుగుసార్ల నుంచి మూడుసార్లకు తగ్గించొచ్చట, అదొక్కటే మా ఆయనకు కొంచెం ఊపిరి.

నీళ్ల సంగతి టీచరమ్మ అడిగాక చూసుకున్నాను. నల్లా రాని రోజు మేము బోరు నీళ్లే కాస్తున్నాం, ఇన్ని నెలలు నాకు ఆ ఆలోచనే రాలేదు. నిన్నటి నుంచి రెండు బిందెలు పిల్లల కోసమే వేరుగా మూతపెట్టి ఉంచుతున్నాను.

అత్తమ్మను కూడా వెంట తీసుకుపోయాను. పాప కంటి రెప్ప, బాబు కంటి రెప్ప పక్కపక్కనే డాక్టరమ్మ చూపించింది, ఆమె ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక జడ్చర్ల అక్క రాసింది మొత్తం ఆమెకు చదివి వినిపించాను. పొద్దున లేచేసరికి పాపను ఒళ్లో పెట్టుకొని, గుడ్డు పచ్చసొన వేలికి రాసి నాకిస్తోంది. ఏడుసార్లు నాకిందంట, లెక్కపెట్టి చెప్పింది. బర్రె పాలు ఈ నెల పాల కేంద్రంలోనే పోద్దాం, ఆ బిల్లు డబ్బాలకు ఇస్తాను అని కూడా ఆమే అన్నది.