క్రూసేడర్ కింగ్స్ 3: 1066 హారల్డ్‌తో మొదటి ఏడాది గట్టెక్కడం ఎలా? అంతకన్నా కష్టమైన రాజు ఎవరు?

కొత్తసామంతుడు:
క్రూసేడర్ కింగ్స్ 3 (మధ్యయుగపు రాజుగా రాజ్యం నడిపే కంప్యూటర్ ఆట)లో, ఐర్లండ్‌లోని చిన్న రాజు ముర్చాద్‌తో ఆట నేర్చుకోవడం పూర్తయింది. ఇప్పుడు నిజంగా కష్టమైన రాజు కావాలి. 1066లో మొదలయ్యే ఆటలో ఇంగ్లండ్ రాజు హారల్డ్ గాడ్విన్‌సన్‌ను ఎంచుకుంటే ఆట తెరుచుకునేసరికే నెత్తి మీద రెండు యుద్ధాలు ఉంటాయి. దక్షిణం నుంచి నార్మండీ విలియం, ఉత్తరం నుంచి నార్వే రాజు హార్డ్‌రాడా. ఐరన్‌మ్యాన్ మోడ్ కాబట్టి వెనక్కి వెళ్లి మళ్లీ లోడ్ చేసుకునే దారి లేదు. ముందు ఎవరిని కొట్టాలి? ఉన్న కాస్త బంగారం దేనికి ఖర్చు పెట్టాలి? హారల్డ్ కన్నా కష్టమైన వాళ్లుంటే వాళ్ల గురించి కూడా చెప్పండి.

బురుజు:
పాజ్ తీయకముందే సగం యుద్ధం తేలిపోతుంది. తేదీ ఒక్క రోజు కూడా కదలకముందే చేయాల్సిన పనులున్నాయి.

మొదటిది పెళ్లిళ్లు. దగ్గరి బంధువులకు సంబంధం కుదిరితే పొత్తు దానంతటదే వస్తుంది. డెన్మార్క్ రాజు స్వెయిన్ కోటలో ఎవరున్నారో ముందు చూడండి. ఆయన హారల్డ్‌కు మేనమామ కొడుకు, మన లెక్కలో బావ వరస. పైగా హార్డ్‌రాడాతో ఏళ్ల తరబడి కొట్లాడి 1064లో సంధి చేసుకున్నవాడు. అక్కడ కుదరకపోతే స్కాట్లండ్ రాజు మాల్కమ్. ఫ్లాండర్స్ జోలికి వెళ్లొద్దు, అక్కడి బాల్డ్విన్ విలియంకు పిల్లనిచ్చిన మామ. ప్రతిపాదన పంపేముందు ఒప్పుకుంటారో లేదో, ఏ కారణానికి ఎన్ని పాయింట్లు పోతున్నాయో తెర మీదే కనిపిస్తుంది, అది చదివి పంపండి. పొత్తు కుదిరాక యుద్ధానికి పిలవడం మర్చిపోవద్దు. రెండూ వేర్వేరు యుద్ధాలు, అందుకని ఒక్కో పొత్తుదారుణ్ణి రెండుసార్లు, విడివిడిగా పిలవాలి.

రెండోది మెన్ ఎట్ ఆర్మ్స్, అంటే డబ్బిచ్చి పెట్టుకునే శాశ్వత దళాలు. కొత్త దళం కొన్న రోజే నిండుగా రాదు, నెలలు పట్టి కొంచెం కొంచెంగా నిండుతుంది. అందుకే కొనేదేదో మొదటి రోజే కొనాలి. విలియం గుర్రపు దళాలకు విరుగుడు ఈటెల దళం. నార్వే వాళ్ల బరువైన కాల్బలానికి విరుగుడు తేలికపాటి కాల్బలం, అది చవక కూడా. విల్లుకాళ్లను పోగేయాలని చాలామందికి అనిపిస్తుంది కానీ ఆ రెండింటికీ వాళ్లు విరుగుడు కారు.

కిరాయి సైన్యాన్ని మాత్రం మొదటి రోజే తీసుకోవద్దు. ఒప్పందం 3 ఏళ్లు, డబ్బంతా ముందే కట్టాలి. శత్రువు పడవలు కనిపించాక తీసుకున్నా సమయానికి అందుతారు. అప్పటిదాకా ఆ బంగారం సొంత సైన్యం జీతాలకు ఉండాలి. ఖజానా మైనస్‌లోకి పోయిందంటే యుద్ధంలో దెబ్బ, సామంతుల దగ్గర కూడా దెబ్బ. పుణ్యం పాయింట్లు మిగిలి ఉండి పోప్‌కు మీ మీద మంచి అభిప్రాయం ఉంటే ఆయన్నే బంగారం అడగండి, చేతికి తొందరగా వచ్చే డబ్బు అదే.

ఇక సైన్యాన్ని లేపే చోటు. ర్యాలీ పాయింట్‌ను తీరం మీద పెట్టొద్దు. మధ్య ఇంగ్లండ్‌లో, లండన్‌కు ఉత్తరంగా ఉంచి అక్కడే అందరినీ లేపండి. దూరపు కౌంటీల (జిల్లాల్లాంటివి) లెవీ, అంటే మామూలు జనంతో పోగయ్యే సైన్యం, వచ్చి చేరడానికి రోజులు పడుతుంది. ఆ లోపు శత్రువు పక్కనే దిగితే పోగైనంత మందితోనే పోరాడాల్సి వస్తుంది. అంతా ఒకేచోట గుమిగూడితే ఆ కౌంటీ సరఫరా చాలక జనం రాలిపోతారు. రెండు ముక్కలుగా పక్కపక్క కౌంటీల్లో ఉంచి, పోరుకు రెండడుగుల ముందు కలపండి.

నైట్‌లెక్క:
బురుజు గారు చెప్పినదానికి ఒకటి కలపాలి. అసలు శత్రువు, అంటే విలియమే, పోరులో మీ చేతికి చిక్కితే వార్ స్కోర్, అంటే యుద్ధంలో ఎవరిది పైచేయో చూపే లెక్క, ఒకేసారి 100కు వెళ్తుంది. ఒక్క పోరుతో యుద్ధం ముగుస్తుంది. అదే నియమం మీకూ వర్తిస్తుంది. హారల్డ్ దొరికిపోతే అంతే సంగతులు. యుద్ధ నైపుణ్యం ఎక్కువ కదా అని అతన్నే సేనాపతిగా పెట్టే అలవాటు ఇక్కడ ప్రమాదం. సంఖ్యలో మీరు స్పష్టంగా పైన ఉంటేనే అతన్ని పంపండి, లేకపోతే వేరే సేనాపతి చాలు.

నైట్‌ల (పోరులో ముందుండే వీరుల) జాబితా తెరిచి వారసుడి పేరు పక్కన నిషేధం పెట్టండి. ఇది చేయక, గెలిచిన పోరులోనే పెద్దకొడుకును పోగొట్టుకునేవాళ్లు చాలామంది. అతని స్థానంలో పరాక్రమం ఎక్కువున్న మామూలు దర్బారీని పెట్టినా నష్టం లేదు.

కొత్తసామంతుడు:
ఇద్దరూ ఇంచుమించు ఒకే నెలలో దిగితే?

బురుజు:
అలా దిగినప్పుడు ఇద్దరి వెంటా పరిగెత్తొద్దు. చరిత్రలో హారల్డ్ సెప్టెంబరు 25న స్టాంఫర్డ్ బ్రిడ్జ్ దగ్గర నార్వే వాళ్లను ఊడ్చేశాడు. ఆ సైన్యంతోనే దక్షిణానికి దిగి, అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర పోయాడు. ఆటలోనూ ఉచ్చు అదే. మొదటి పోరులో పోయిన జనం నెలనెలా కొద్దికొద్దిగానే నిండుతారు. నిండకముందే రెండో పోరుకు వెళ్తే ఉన్నవాళ్లు కూడా పోతారు.

ఎవరు మీకు దగ్గరగా దిగితే వాళ్లను, దిగిన వెంటనే కొట్టండి. పడవ దిగిన కొత్తలో సైన్యానికి పోరులో పెద్ద కోత ఉంటుంది, కొన్నాళ్లకు పోతుంది. ఆ కొద్ది రోజులే మీకు దొరికే అసలు అవకాశం. అందుకే పైన లండన్‌కు ఉత్తరంగా అన్నాను, అక్కడి నుంచి రెండు వైపులకూ వెళ్లొచ్చు. రెండోవాణ్ణి కోటలు ముట్టడించుకోనివ్వండి. ఒక్కో కోటకు నెలలు పడుతుంది, జనం చచ్చిపోతారు, తరచుగా సైన్యం చీలి రెండు కోటల మీద కూర్చుంటుంది. ఆ చీలిన ముక్క మీద పడండి. సైన్యాన్ని శత్రువు మీదికి కదిలించేటప్పుడు గెలుస్తామా ఓడుతామా అన్న అంచనా గుర్తు కనిపిస్తుంది. అది బాగోకపోతే నది దాటించి ఆ ఒడ్డున ఆగండి. నది దాటి వచ్చి కొట్టేవాడికే నష్టం.

ఎడారిగాలి:
హారల్డ్ కష్టమే, కాదనను. కానీ ఆ కష్టం ఒక ఏడాదిది. గెలిస్తే చేతిలో ఇంగ్లండ్ మొత్తం ఉంటుంది. తరాల తరబడి కష్టం కావాలంటే ఒంటరి మతం ఉన్న చోటికి వెళ్లాలి.

ఇథియోపియా కొండల్లో సెమియెన్ చూడండి. యూదు మతంలో చిన్న శాఖ. చుట్టూ ఉన్నవాళ్లది వేరే మతం, కాబట్టి పెళ్లి ప్రతిపాదనకు ఒప్పించడం గగనం, పొత్తులు దాదాపు లేవు. మీ మీద మతయుద్ధం ప్రకటించడానికి పొరుగువాడికి వేరే కారణం అక్కర్లేదు. ఇక్కడ మొదటి పదేళ్లూ విస్తరణ ఆలోచనే వద్దు. స్టీవర్డ్‌షిప్ (ఆదాయ నిర్వహణ) జీవనశైలిలో అవరీషస్ అనే నైపుణ్యాల చెట్టు తీసుకుని గోల్డెన్ ఆబ్లిగేషన్స్ పెర్క్ (ప్రత్యేక సామర్థ్యం) దాకా వెళ్లండి. మీ చేతిలో హుక్ (ఎదుటివాళ్లను లొంగదీసే పట్టు) ఉన్నవాళ్ల దగ్గర డబ్బు గుంజొచ్చు. వేగుల పెద్దను రహస్యాల వేటకు పెడితే హుక్‌లు వస్తూనే ఉంటాయి. ఆ డబ్బుతో కోట గోడలు. సైన్యం తర్వాత.

ఆఫ్రికాలోనే ఇంకొకరు, ఆటను 867లో మొదలుపెడితే దొరికే పాలకురాలు దౌరామా. గిరిజన రాజ్యం కాబట్టి మెన్ ఎట్ ఆర్మ్స్‌కు బంగారం కాదు, ప్రతిష్ఠ ఖర్చవుతుంది. ఫ్యూడల్ (సామంతుల వ్యవస్థ ఉన్న రాజ్యం) కావాలంటే ముందు మతాన్ని సంస్కరించాలి. దానికి ఐదు పుణ్యక్షేత్రాల్లో మూడు కావాలి, బోలెడంత పుణ్యం కావాలి. బంగారానికి దోపిడీ దళాలను లేపొచ్చు. ఎంత మంది సైనికులుంటే అంత సొమ్మే మోయగలరు. సొమ్ము మూటతోనే తిరుగుతుంది, సొంత నేల మీదికి వచ్చాకే ఖజానాలో పడుతుంది. మధ్యలో ఓడారా, మూట మొత్తం పోతుంది. అందుకే ఒక కౌంటీ దోచి ఇంటికి, మళ్లీ ఇంకోటి. మూడు కౌంటీలు ఒకే ఊపులో దోచేద్దామనే ఆశ దగ్గరే ఎక్కువ మంది మునుగుతారు.

గోదారిగట్టు:
తెలుగు నేల మీద ఆడాలనుకుంటే 867లో వేంగి ఉంది, గుణగ విజయాదిత్యుడి కాలం. హారల్డ్ అంత కష్టం కాదు. పక్కన రాష్ట్రకూటులు కొండలా కూర్చుని ఉంటారు, అదొక్కటే భయం. అమోఘవర్షుడు అప్పటికే 60 దాటినవాడు. ఆయన ఉండగా ఎదురెళ్లకుండా ఉత్తరాన చిన్నవాళ్లను చూసుకోండి. ఆయన పోయాక వారసుడి మీద సామంతుల వర్గాలు లేస్తాయి. ఆ గొడవ మొదలైన నెలలో యుద్ధం ప్రకటించండి, ముందు కాదు.

కొత్తసామంతుడు:
హారల్డ్‌తోనే మొదలుపెడుతున్నాను. చివరిగా ఒకటి: విలియం చిక్కితే చంపాలా, డబ్బు తీసుకుని వదలాలా?

నైట్‌లెక్క:
ముందు సంధి పూర్తి చేయండి. తర్వాత నార్వే యుద్ధం ఇంకా నడుస్తుంటే డబ్బు తీసుకుని వదిలేయండి, ఆ బంగారమే కిరాయి సైన్యం అవుతుంది. నార్వే కథ కూడా ముగిసి ఉంటే, మీ సామంతులు ఎడ్విన్, మోర్కార్ వర్గం కడుతున్నారేమో చూడండి. కడుతుంటే తల తీయించండి. దానితో పెరిగే భయం వాళ్లిద్దరినీ కొన్నేళ్లు కదలనివ్వదు.